నాలుగిళ్ళ అవతల ఉద్యోగం

“అత్తయ్యా! నేను ఏ ఆఫీసులో ఉద్యోగం చేస్తున్నానో కాస్త చెప్తారా?”

గడప దాటకుండానే అడిగింది రామతులసి. భుజాన గుడ్డసంచీ అలాగే ఉంది. పొద్దున్నే ఉయ్యూరులో బస్సెక్కి, బెజవాడలో మారి, కొండపల్లిలో దిగి నేరుగా ఇంటికి వచ్చింది. కన్నతల్లి పెద్దకర్మ ముగిసి ఒక్క రోజైనా కాలేదు! ఏడ్చి ఏడ్చి మొహం వాచిపోయింది కానీ, ఆ కళ్ళలో ఇప్పుడు నీళ్ళు లేవు...

నడవలో బియ్యం చెరుగుతున్న సీతారావమ్మ చేట ఆపింది.

“ఇదేం ప్రశ్నే? నీకు ఉద్యోగమేంటి? ఉద్యోగం చేసేది నీ తోడికోడలు. ఎండనపడి వచ్చినట్టున్నావు, కాళ్ళు కడుక్కుని లోపలికి రా.”

“మరి మా అమ్మ పంపిన మనిషితో, కోడలు బెజవాడ పనికెళ్ళింది, సాయంత్రం దాకా రాదని చెప్పారట కదా!”

సీతారావమ్మ చేతిలోంచి చేట జారింది. బియ్యం నడవంతా చెల్లాచెదురయ్యాయి. పెరట్లో మామగారు వెంకటప్పయ్య ఉలి చప్పుడు ఠక్కున ఆగిపోయింది...

వాళ్ళది బొమ్మలు చేసే ఇల్లు. వెంకటప్పయ్యా, పెద్దకొడుకు తిరుపతిరావూ పొణికి కర్ర చెక్కుతారు. చింతగింజల బంకా రంపపుపొట్టూ కలిపిన ముద్దతో కాళ్ళూ చేతులూ అతుకుతారు. సున్నం పూసి ఆరబెట్టాక బొమ్మ రామతులసి దగ్గరికి వస్తుంది. రంగులన్నీ తనే. రంగులైన తర్వాత అన్నిటికంటే ఆఖరున కళ్ళు దిద్దాలి. ఆ పనికి ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. తలంటు పోసుకుని, బొమ్మల్ని వరసగా పేర్చుకుని కూర్చుంటే, వరస పూర్తయ్యేదాకా ఆ మనిషి లేవకూడదు. లేచి మళ్ళీ కూర్చుంటే చెయ్యి మారుతుంది. ఒక ఏనుగు నవ్వుతున్నట్టూ పక్క ఏనుగు అలిగినట్టూ ఉంటుంది! ఉడత తోక వెంట్రుకల కుంచె పట్టి, ఊపిరి బిగబట్టి, రామతులసి ఒక్క చుక్క పెట్టిందంటే చెక్కముక్క కాస్తా మన వంక తిరిగి చూసేది. ఆ చేతిని చూసే బేరగాళ్ళు వచ్చేవాళ్ళు.

కానీ ఏ మాటకామాటే చెప్పుకోవాలి. పదకొండేళ్ళలో ఆ ఇంట్లో ఒక్కరు కూడా దాన్ని పని అనలేదు! చిన్నకోడలు మాణిక్యం మెట్రిక్ ప్యాసై బెజవాడలో గుమాస్తా ఉద్యోగం చేస్తోంది. పొద్దున్న ఎనిమిదింటి బస్సుకి ఆమె వెళుతుంటే సీతారావమ్మ స్వయంగా క్యారియర్ సర్ది ఇచ్చేది, సాయంత్రం రాగానే కాఫీ కలిపి ఇచ్చేది. “పాపం, పొద్దస్తమానం పనిచేసి వచ్చింది” అనేది. మరి రామతులసి? నాలుగింటికి లేచి పాచిపని, వంట, గేదె, కూతురు పద్మకి జడ, మామగారికి వేణ్ణీళ్ళు... అవన్నీ ముగించి బొమ్మల ముందు కూర్చుంటే, “ఇంట్లోనే కదా ఉంటావు, ఆ పప్పు కూడా రుబ్బెయ్యి” అనే మాట వినపడేది! బేరగాళ్ళెవరైనా ఈ కళ్ళు ఎవరు దిద్దారమ్మా అని అడిగితే, “మా పెద్దకోడలేలెండి, పనీపాటా లేనప్పుడు తోచక రంగులు పూస్తుంది” అని నవ్వేసేది అత్తగారు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని రామతులసి ఆ నవ్వులన్నీ మింగింది. పదకొండేళ్ళు మింగింది!

దివిసీమ ఉప్పెనకి ముందు ఏడాది శ్రావణమాసం అది. ఏనుగు అంబారీల వరస పట్టి వెనక వసారాలో కూర్చుంది. భర్త కర్ర కోసం కొండ మీదికి వెళ్ళాడు. మధ్యాహ్నం వేళ వీధిగుమ్మంలో ఎవరో మగమనిషి దగ్గు వినపడింది. “ఎవరో వచ్చినట్టున్నారు అత్తయ్యా” అంది. “ఎవరూ లేరు, పాతగుడ్డలవాడు. నువ్వు లేవకు” అని అత్తగారి జవాబు. రామతులసి మళ్ళీ కుంచె ముంచింది...

మర్నాడు మధ్యాహ్నం టెలిగ్రాం వచ్చింది. తల్లి వెంకటరత్నమ్మ పోయింది! రామతులసి పరుగున ఉయ్యూరు చేరేసరికి శ్మశానం నుంచి మనుషులు తిరిగొస్తున్నారు. పెదనాన్న కొడుకు తలకొరివి పెట్టేశాడు. తల్లి మొహం కూడా చూడలేకపోయింది! విధి అనుకుంది. నా రాత అనుకుని తల బాదుకుంది. పదకొండో రోజున భోజనాలయ్యాక, చెరకు బళ్ళు తోలే పుల్లయ్య వచ్చి ఎదురుగా చతికిలబడే దాకా విధి అనే అనుకుంది.

“ఏమనుకోకండి అమ్మాయిగోరూ... ఆ రోజు మీ ఊరొచ్చాను. అమ్మగారు, మా తులసిని ఒక్కసారి చూస్తే చాలురా పుల్లయ్యా అంటే, పొద్దున్నే బస్సెక్కి వచ్చా. మీరు పనికెళ్ళారని మీ అత్తగోరు చెప్పారు. పోన్లే, ఉజ్జోగం కదా, సెలవు దొరకొద్దూ అనుకుని తిరిగొచ్చేశా. కానీ అమ్మగారు ఆఖరి దాకా గుమ్మం వంకే చూస్తా ఉన్నారమ్మా! పానం పోయాక కూడా కళ్ళు మూతపళ్ళేదు. మీ పెదనాన్నగోరు రెండుసార్లు మూశారు. రెండుసార్లూ తెరుచుకున్నాయి...”

పాతగుడ్డలవాడు కాదు! పుల్లయ్య! ఒక్క గోడ అవతల! తను లేచి నాలుగడుగులు వేసుంటే...

ఇప్పుడు గడపలో నిలబడి అత్తగారి మొహంలోకి చూస్తుంటే, రామతులసికి ఆ దగ్గు మళ్ళీ మళ్ళీ వినపడుతోంది.

“అవునే, చెప్పాను!” సీతారావమ్మ లేచి నిలబడింది. తప్పు చేసినవాళ్ళకి నోరు పెద్దది. “వరస మధ్యలో లేపితే ఆర్డరు ఏమైపోవాలి? మద్రాసు షావుకారు మళ్ళీ మన గుమ్మం తొక్కుతాడా? ముసలావిడ అప్పటికి మూడుసార్లు పోతున్నానని కబురు పెట్టలేదూ? ఇదీ అలాంటిదే అనుకున్నా. నేనేం కలగన్నానా?”

“ఆర్డరా? నేను తోచక పూసే రంగులకి ఆర్డరేంటి అత్తయ్యా! పదకొండేళ్ళనించీ అది పని కాదన్నారు. మా అమ్మ ఆఖరి గడియల్లో ఉందని మనిషొస్తే మాత్రం, ఆ ఒక్క పూటకి అది పనైపోయిందా?”

“నోరు లేస్తోందే! మీ ఆయన్ని రానీ!”

“రానివ్వండి. ఆయనతో కూడా ఒకటే మాట. మీరు పెద్దవాళ్ళు, మీ మాట అబద్ధం కాకూడదు. కోడలు పనికెళ్ళిందన్నారుగా... రేపట్నించీ వెళ్తాను.”

అరవలేదు. శాపనార్థాలు పెట్టలేదు. సంచీ లోపల పెట్టి, నడవలో పడ్డ బియ్యం వంక కూడా చూడకుండా వెళ్ళి పద్మని ఒళ్ళోకి తీసుకుంది. అత్త మీద కోపం దుత్త మీద చూపించే ఆడది కాదు రామతులసి. అత్త మీద కోపం అత్త మీదే చూపించదలుచుకుంది!

మర్నాడు పొద్దున్న లేచి వంట గుమ్మం తొక్కలేదు. తలంటు పోసుకుంది. ఇస్త్రీ చీర కట్టింది. పద్మకి జడ వేసి రిబ్బను ముడి బిగిస్తుంటే ఆ పిల్ల అడిగింది.

“అమ్మా, నువ్వు కూడా పిన్నిలాగా ఆఫీసుకెళ్తావా?”

“ఆఁ తల్లీ. మీ నాయనమ్మ వేయించిన ఉద్యోగం!”

మాణిక్యం బస్సుకి బయల్దేరుతూ ఇదంతా చూసింది. లోపలికి వెళ్ళి అటక మీది పాత క్యారియర్ దించి, తుడిచి, తన అన్నంలోంచే సగం సర్ది తెచ్చింది. “తీసుకో అక్కా” అని గొంతు తగ్గించి అంది. “నాకు ఇన్నాళ్ళూ కాఫీలందాయి. అవి ఎవరి రెక్కలమీదనించి వచ్చాయో తెలిసీ తాగాను. నన్ను కూడా తిట్టుకో, ఫరవాలేదు.”

“నిన్నెందుకు తిడతానే? నువ్వు చేసేదీ పనే. నాది కూడా పనే అని ఎవరైనా అంటే చాలు.”

తోడికోడళ్ళిద్దరూ క్యారియర్లు పట్టుకుని గడప దిగారు. మాణిక్యం బస్సు వైపు వెళ్ళింది. రామతులసి సరిగ్గా నాలుగిళ్ళు నడిచి, సుబ్బరత్నం ఇంటి అరుగెక్కింది!

సుబ్బరత్నం కూడా బొమ్మల మనిషే. మొగుడు పోయాక ఇద్దరు పనివాళ్ళని పెట్టుకుని నెట్టుకొస్తోంది. ఆవిడ బొమ్మలకి కళ్ళు సరిగ్గా కుదరవని సీతారావమ్మ ఎక్కని అరుగు లేదు, వెక్కిరించని రోజు లేదు.

“ఇదేంటే తులసీ, క్యారియర్ పట్టుకుని ఊరెళ్తున్నావా?” అంది సుబ్బరత్నం తెల్లబోయి.

“ఉద్యోగానికి వచ్చాను పిన్నీ. ఎనిమిది నించి ఆరు దాకా. కళ్ళు దిద్దుతాను. ఉంచుకుంటావా, పొమ్మంటావా?”

సుబ్బరత్నం రెండో మాట అడగలేదు. చాప పరిచింది.

ఇక చూడాలి ఆ వీధి! నాలుగిళ్ళ దూరానికి క్యారియర్ కట్టుకుని వెళ్ళే ఉద్యోగం ఎక్కడైనా ఉందా! మొదటి రోజు నవ్వారు. రెండో రోజు కారణం అడిగారు. పుల్లయ్య వచ్చి వెళ్ళిన కథ మూడో రోజుకి చాప కింద నీరులా పాకింది. సీతారావమ్మ నీళ్ళకి వెళితే, “ఏం వదినా, మీ పెద్దకోడలు కూడా పనికెళ్ళిందా?” అని పంపు దగ్గర ఒకరు. “సెలవు దొరకదేమో పాపం!” అని ఇంకొకరు. ఆవిడ బిందె సగం నిండకుండానే ఎత్తుకుని వచ్చేసేది.

సాయంత్రం ఆరింటికి రామతులసి ఇంటికి వచ్చి, కాళ్ళు కడుక్కుని, నడవలో బల్ల మీద కూర్చునేది. “కాఫీ అత్తయ్యా” అనేది. అంతే, ఇంకో మాట లేదు! మొదటి రోజు సీతారావమ్మ గిన్నెలు విసిరికొట్టింది. రెండో రోజు ఏడ్చింది. మూడో రోజు కొడుకు మీద పడింది.

తిరుపతిరావు మెత్తని మనిషి. తల్లి ముందు నోరు లేవదు, పెళ్ళాం ముందు తల లేవదు.

“తులసీ... అమ్మ పెద్దదైపోయింది. గేదె దగ్గర నడుం పట్టేసింది. నువ్వు రంగులేసి వెళ్ళిన దసరా కొలువు బొమ్మలన్నీ నీ కోసం కూర్చున్నాయి. ఒక్క వరస...” అన్నాడు చేతులు నలుపుకుంటూ.

“ఏవండీ, మా అమ్మ ఒక్క చూపు అడిగింది. దొరికిందా?”

ఆయన ఉలి అందుకుని పెరట్లోకి జారుకున్నాడు.

దసరా దగ్గరపడింది. మద్రాసు షావుకారికి వెళ్ళాల్సిన బొమ్మలు వెనక వసారాలో గోడ పొడుగునా నిలబడి ఉన్నాయి. అంబారీ ఏనుగులు, దశావతారాలు, తాడిచెట్టెక్కే కల్లుగీత మనిషి, బావి దగ్గర నీళ్ళు తోడే అమ్మలక్కలు. అన్నిటికీ మెరిసే రంగులున్నాయి, ఒక్కదానికీ కళ్ళు లేవు! ఆ వసారాలోకి వెళ్ళాలంటే పద్మ భయపడేది. “నాయనమ్మా, అవన్నీ గుడ్డివాళ్ళు” అనేది.

చివరికి సీతారావమ్మ పౌరుషానికి పోయింది. “చుక్క పెట్టడం బ్రహ్మవిద్యా? నేను చెయ్యలేనా?” అని తలంటు పోసుకుని వరస పట్టి కూర్చుంది. వెంకటప్పయ్య వద్దని సైగ చేసినా వినలేదు. వంట పొయ్యి మీద ఉంది. పప్పు మాడుతున్న వాసనకి లేచింది. మళ్ళీ కూర్చుంది. గేదె అరిచిందని లేచింది. మళ్ళీ కూర్చుంది. వీధిలో ఎవరో పిలిచారని లేచింది... సాయంత్రానికి వరస ముగిసింది. అప్పుడు చూసుకుంది! ఒక ఏనుగు ఆకాశం వంక చూస్తోంది, ఒకటి తన తొండాన్ని తనే చూసుకుంటోంది. మత్స్యావతారానికి మెల్లకన్ను వచ్చింది. రాములవారు పక్కింటి వైపు చూస్తున్నారు!

మర్నాడు మద్రాసు షావుకారి గుమాస్తా వచ్చి వసారాలో అడుగుపెట్టి ఒక్క క్షణం నివ్వెరపోయాడు. ఆ వెంటనే పొట్ట పట్టుకుని నవ్వాడు.

“ఏందమ్మా ఇది! దేవుళ్ళంతా తాగొచ్చారా? ఈసారి కళ్ళు పెట్టినావిడ ఎవరు?”

సీతారావమ్మ తల వంచుకుంది. “నేనే బాబూ...”

“అంతకుముందు పెట్టినావిడ?”

“మా పెద్దకోడలు.”

“ఆవిడేదీ?”

నలుగురూ వింటున్నారు. చెప్పక తప్పలేదు. “పనికి... పనికెళ్ళింది.”

“అయితే ఆమె ఎక్కడ పనిచేస్తే నేనూ అక్కడికే పోతా” అని గుమాస్తా నాలుగిళ్ళు నడిచి సుబ్బరత్నం అరుగెక్కాడు. ఆ కబురు విని రామతులసి కుంచె పక్కన పెట్టి నవ్వాలనుకుంది. ఇదే కదా తను కోరుకుంది! ఇన్నాళ్ళ పగ తీరిపోయింది కదా! కానీ నవ్వు రాలేదు. ఎన్ని ఏనుగులకి కళ్ళు తెరిపించినా, ఉయ్యూరులో మూతపడని ఆ రెండు కళ్ళూ తన వంకే చూస్తున్నాయి... అత్తగారు వీధిలో తలదించుకున్నా అవి మూతపడలేదు. మరి దేంతో మూతపడతాయి?

రెండు రోజుల తర్వాత, పొద్దున్న తొమ్మిదింటికి సుబ్బరత్నం గుమ్మంలో దగ్గు వినపడింది.

“రామతులసి ఉందా?” సీతారావమ్మ గొంతు.

సుబ్బరత్నం లోపలికి చూసింది. రామతులసి కుంచె పైకెత్తకుండానే మెల్లగా అంది. “పనిలో ఉందని చెప్పు పిన్నీ. సాయంత్రం దాకా రాదని చెప్పు.”

సుబ్బరత్నం గుమ్మంలోకి వెళ్ళి అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పింది. సీతారావమ్మ పుల్లయ్యలాగా వెనక్కి తిరిగి వెళ్ళలేదు. అరుగు కింద మెట్టు మీద కూర్చుంది. ఎండ నెత్తి మీదికి వచ్చింది. కొంగు కప్పుకుంది. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు. ఒకరు మంచినీళ్ళిస్తే వద్దంది. మధ్యాహ్నం రామతులసి క్యారియర్ విప్పింది కానీ ముద్ద దిగలేదు. ఒక్క గోడ! అటు పక్క ఒకరు, ఇటు పక్క ఒకరు... పుల్లయ్య నిలబడింది ఇలాగే కదా! అయినా లేవలేదు. వరస పూర్తి చేసింది. కుంచె కడిగింది. ఆరయ్యాక గుమ్మంలోకి వచ్చింది.

ఎండకి వాడిపోయిన అత్తగారిని చూసి గుండె కలుక్కుమంది. కానీ మాట మెత్తబడలేదు.

“ఎందుకొచ్చారు? ఆర్డరు కోసమా?”

“ఆర్డరు పోయిందిగా. దానికి కాదు.”

“మరి?”

“పొద్దుట్నించీ ఇక్కడ కూర్చుంటే తెలిసిందే...” సీతారావమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. “గోడవతల మనిషున్నా చూడలేకపోవడం ఎట్లా ఉంటుందో.”

“నాతో కాదు అత్తయ్యా. ఆ రోజు పుల్లయ్యకి ఏం చెప్పారో, ఈ వీధి వీధంతా వినేట్టు చెప్పండి. మీ నోటితో!”

జనం గుమిగూడారు. ఆఫీసు నుంచి అప్పుడే వస్తున్న మాణిక్యం కూడా ఆగిపోయింది. సీతారావమ్మ మెట్టు పట్టుకుని లేచింది. ఆ వీధిలో ఎవరికీ తలవంచని మనిషి! గొంతు సవరించుకుంది.

“నా కోడలు ఇంట్లోనే ఉంది! గోడవతల కూర్చుని నా ఇంటికి అన్నం పెట్టే పని చేస్తోంది. వాళ్ళమ్మ ప్రాణం మీదికొచ్చిందని మనిషొస్తే, లేదని చెప్పి పంపేశాను. తల్లికీ కూతురికీ ఆఖరి చూపు లేకుండా చేశాను!” ఇక ఆగలేక భోరుమంది. “మా అమ్మ పోయినప్పుడు మా అత్త కూడా నన్ను పంపలేదే తులసీ! సున్నం పూత ఆరిపోతుందని పంపలేదు. నేను నోరు మూసుకుని బతికాను. నువ్వూ మూసుకుంటావనుకున్నాను... నీకు నోరుంటుందని అనుకోలేదే తల్లీ!”

రామతులసి గడప పట్టుకుని నిలబడిపోయింది. ఇన్నేళ్ళూ తనని కాల్చుకు తిన్న ఈ మనిషి కూడా ఒక గోడ ఇవతల అలాగే మిగిలిపోయిందా...

“మా అమ్మ తిరిగి రాదు అత్తయ్యా” అంది. “మిమ్మల్ని క్షమించానని కూడా అబద్ధం చెప్పను. ఇంటికి వచ్చి కళ్ళు దిద్దుతాను. కానీ ఎనిమిది నించి ఆరు దాకా నేను పనిలో ఉన్నట్టే. వంటా, గేదే ఇంటిల్లిపాదీ పంచుకోవాలి, ఆయనతో సహా. ఇంకొక్కటి... నా కోసం మనిషొస్తే వరస మధ్యలోనైనా సరే, నన్ను లేపాలి. ఏనుగులకి మెల్లకన్నొచ్చినా సరే!”

“లేపుతానే...” అంది సీతారావమ్మ.

“కానీ రేపే రాను. సుబ్బరత్నం పిన్ని దగ్గర పట్టిన పని దసరా దాకా ఉంది. అది ముగించి వస్తాను. ఉద్యోగం కదా, మధ్యలో మానెయ్యకూడదు!”

ఆ మాటకి ఏడుస్తూనే నవ్వింది మాణిక్యం.

అన్నమాట ప్రకారం దసరా వెళ్ళాకనే రామతులసి వెనక వసారాలో చాప పరుచుకుంది. అత్తగారు దిద్దిన బొమ్మలన్నిటికీ కళ్ళు చెరిపి కొత్తగా పెట్టింది, ఒక్క ఏనుగుకి తప్ప. తొండం వంక చూసుకునే ఆ మెల్లకన్ను ఏనుగుని అత్తగారి మంచానికి ఎదురుగా గూట్లో పెట్టింది. “అది అక్కడే ఉండాలి” అంది. ఎవరూ తియ్యలేదు.

మొదటి వరస పేర్చుకుంటుంటే మామగారు వెంకటప్పయ్య వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ఆయన మాట్లాడటమే తక్కువ. పంచె చెంగులోంచి ఒక బొమ్మ తీసి వరస చివర నిలబెట్టాడు. గడపలో కూర్చుని, తల పైకెత్తి ఎవరికోసమో చూస్తున్న ముసలమ్మ. నుదురూ, పక్కకి ఒరిగిన కొప్పూ అచ్చం వెంకటరత్నమ్మవే! రంగులు కూడా ఆయనే పూశాడు. కళ్ళు మాత్రం పెట్టలేదు.

“ఆ రోజు పెరట్లో నేనూ విన్నాను తల్లీ” అన్నాడాయన నేలకేసి చూస్తూ. “ఉలి ఆపి లేవాల్సింది. లేవలేదు.”

రామతులసి బొమ్మని చేతిలోకి తీసుకుంది. నడవలో అత్తగారు కాఫీ గ్లాసుతో అడుగు ముందుకి వేయలేక నిలబడిపోయింది. రామతులసి కుంచె ముంచి ఊపిరి బిగబట్టింది. ఎన్ని వేల కళ్ళు తెరిపించిందో ఆ చెయ్యి! ఈసారి చుక్క పెట్టలేదు. రెప్పల దగ్గర రెండు సన్నటి గీతలు, కిందికి వంచి, మెల్లగా, జోకొట్టినట్టు గీసింది...

“పడుకో అమ్మా. వచ్చాను” అంది.

ముసలమ్మ కళ్ళు మూసుకుంది.